మోర్గాన్ వెండి డాలర్ కొనే ముందు జాగ్రత్తలు

- ముందు తూకం వేయండి. ఇది అమెరికా పాత వెండి నాణెం. అసలుది 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు, 90 శాతం వెండి, మిగతాది రాగి. బాగా అరిగినదైతే బరువు కాస్త తగ్గొచ్చు. అయస్కాంతానికి అంటుకుంటే మాత్రం వదిలేయండి.

- సంవత్సరం చూడండి. పాతవి 1878 నుంచి 1904 దాకా, మళ్లీ 1921లో ముద్రించారు. 2021లో మొదలైన కొత్త ముద్రణ వేరు.

- వెనకవైపు ఆకుల దండ కింద టంకశాల గుర్తు వెతకండి. అసలు మోసమంతా ఇక్కడే. ‘సీసీ’ అంటే నెవాడాలోని కార్సన్ సిటీ. అక్కడ 1886 నుంచి 1888 వరకు ఈ డాలర్లు ముద్రించలేదు, కాబట్టి ‘1887 సీసీ’ అని చూపిస్తే అది నకిలీయే. ‘ఎస్’ అంటే శాన్ ఫ్రాన్సిస్కో. అక్కడ 1893లో ముద్రించినవి లక్షే. అందుకే గుర్తు లేని 1893 ఫిలడెల్ఫియా నాణేనికి ‘ఎస్’ అతికించి అమ్మేవాళ్లున్నారు. లెన్స్‌తో ఆ అక్షరం చుట్టూ అతుకు ఉందేమో చూడండి. ఇలాంటి ఖరీదైనవి, నాణేలను పరీక్షించి ధ్రువీకరించే సంస్థలైన పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ సీలు వేసిన పెట్టెలో ఉంటేనే కొనండి. ఆ పెట్టెలకూ నకిలీలున్నాయి, నంబరు వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

- కొన్నాక దయచేసి తోమకండి! చింతపండు, విభూతి మన వెండి గిన్నెలకు సరే. నాణెం విలువ మాత్రం ఒక్క రుద్దుతో పడిపోతుంది.

- పీవీసీ కవర్లలో పెట్టొద్దు, పచ్చటి జిగురు పడుతుంది.