పాత ల్యాప్‌టాప్‌ పిల్లలకిస్తున్నారా? అందులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలో ఇలా తేల్చుకోండి

మూల పడున్న ల్యాప్‌టాప్‌ని దుమ్ము దులిపి పిల్లలకిద్దామని అనుకోగానే మనం మొదట వెతికేది "అన్నిటికంటే తేలికైన లినక్స్ ఏది" అని (లినక్స్ అంటే విండోస్‌కి బదులు ఉచితంగా వేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్). నేనూ అదే వెతికాను, దొరికినవాటిలో అతి తేలికైనది వేసి, ఖాళీగా ఉన్నప్పుడు ర్యామ్ ఎంత తక్కువ తింటోందో చూసుకుని మురిసిపోయాను. మా వాడికి మాత్రం మెనూ ఎక్కడుందో, వైఫై ఎక్కడ కలపాలో అంతుపట్టక రెండో రోజుకే దాన్ని ముట్టుకోవడం మానేశాడు. అందుకని తేలిక ఒక్కటే చూడకండి, మీరు పక్కన లేనప్పుడు కూడా పిల్లలు వాడుకోగలరా లేదా అన్నది అంతకంటే ముఖ్యం.

మెషీన్‌లో ఏముందో చూడండి

ర్యామ్ ఎంత, ప్రాసెసర్ 32-బిట్టా 64-బిట్టా, లోపలున్నది హార్డ్ డిస్కా లేక దానికన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీనా, ఈ మూడూ తెలిస్తే సగం పని అయిపోయినట్టే. విండోస్ 10 ఉంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద అబౌట్ తెరవండి, మొదటి రెండూ అక్కడే కనిపిస్తాయి. చాలామంది పొరబడేది ఇక్కడే: "32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్" అని ఉంటే మెషీన్ 64-బిట్‌దే, దాని మీద వేసిన విండోసే 32-బిట్‌ది. అంటే 64-బిట్ లినక్స్ నిక్షేపంగా వేసుకోవచ్చు.

అలాగే ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, అడుగు భాగం ఉబ్బినా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. దాన్ని తీయించకుండా పిల్లల చేతికి అస్సలు ఇవ్వకండి.

ర్యామ్‌ని బట్టి ఎంచుకోండి

అసలు బరువంతా బ్రౌజర్‌ది. తేలికపాటి సిస్టమ్ 500 ఎంబీతో సర్దుకున్నా, వీడియో సైట్‌తో పాటు ఇంకో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే ఆ మిగుల్చుకున్నదంతా అటే పోతుంది. కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ మారిస్తే 2 జీబీ మెషీన్ కొత్తదైపోతుందని పిల్లలకు ముందే ఆశపెట్టకండి.

4 జీబీ ఉంటే ఆలోచించకుండా లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి ఎడిషన్ వేసేయండి. మెనూ ఎడమ మూల, గడియారం కుడి మూల, విండోస్ చూసిన పిల్లలు పది నిమిషాల్లో అలవాటు పడతారు. మింట్ వాళ్లు కనీసం 2 జీబీ చాలంటారు, హాయిగా నడవాలంటే 4 జీబీ అని కూడా వాళ్లే చెబుతారు. 2 జీబీయే ఉంటే లుబుంటు అనే తేలికపాటి లినక్స్ చూడండి, ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు వస్తాయని అర్థం) అని రాసి ఉన్న వెర్షన్ మాత్రమే తీసుకోండి, లేకపోతే తొమ్మిది నెలలకే అప్‌డేట్లు ఆగిపోతాయి.

1 జీబీ ర్యామ్ గానీ, నిజంగానే 32-బిట్ ప్రాసెసర్ గానీ ఉంటే దారి ఇరుకే. లుబుంటు 19.04 నుంచి 32-బిట్ మానేసింది, డెబియన్ అనే ఇంకో లినక్స్‌లో 2025లో వచ్చిన 13వ వెర్షన్‌కి 32-బిట్ ఇన్‌స్టాలర్ లేదు. మిగిలేవి యాంటిఎక్స్, పప్పీ లినక్స్ లాంటివి. పప్పీ మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది కాబట్టి చకచకా ఉంటుంది గానీ, మామూలుగా అన్నీ అడ్మిన్ హక్కులతోనే నడుపుతుంది, అందుకే పిల్లల విషయంలో నా ఓటు యాంటిఎక్స్‌కి.

పిల్లల పనంతా బ్రౌజర్‌లోనే అనుకుంటే గూగుల్ వాళ్ల క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఉంది. 4 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్, 64-బిట్ ప్రాసెసర్ కావాలి. ప్లే స్టోర్ యాప్స్ దీంట్లో రావు, అది తెలియక వేసుకుని తల పట్టుకున్నవాళ్లు ఎక్కువే. పాత విండోస్ 10నే ఉంచేద్దామా అంటే, దాని సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

వేసే ముందు పెన్‌డ్రైవ్‌తో నడిపి చూడండి

ఖాళీ పెన్‌డ్రైవ్ మీద వెంటాయ్ అనే టూల్ వేసి, మీకు నచ్చిన రెండు మూడు లినక్స్‌ల ఐఎస్‌ఓ ఫైళ్లని (డౌన్‌లోడ్ చేసుకునే ఇన్‌స్టాల్ ఫైళ్లు) మామూలుగా కాపీ చేస్తే చాలు, అన్నీ అందులోంచే బూట్ అవుతాయి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ లాంటి మీటల్లో ఒకటి నొక్కితే బూట్ మెనూ వస్తుంది, ఏదన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఇన్‌స్టాల్ చేయకుండానే డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, మూత వేసి తీస్తే లేస్తోందా చూడండి. వేగాన్ని మాత్రం ఇక్కడ లెక్కలోకి తీసుకోకండి, పెన్‌డ్రైవ్ నుంచి ఎప్పుడూ నెమ్మదే.

తర్వాత పిల్లల్ని కూర్చోబెట్టి, బొమ్మ గీసి సేవ్ చేయమనండి. మీరు చేతులు కట్టుకుని చూడండి, చెప్పకండి. ఎక్కడ ఆగిపోతున్నారో పావుగంటలో తెలిసిపోతుంది.

ఇన్‌స్టాల్, ఆ తర్వాత

పాత ఫొటోలు ముందే వేరే చోట దాచుకోండి, ఎందుకంటే డిస్క్ మొత్తం చెరిపే ఆప్షన్ ఎంచుకుంటే అంతా పోతుంది. కొంచెం ఖర్చు పెట్టగలిగితే హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టించండి, ఏ లినక్స్ మారిస్తే వచ్చే తేడా కన్నా ఇది పెద్దది.

అడ్మిన్ అకౌంట్ మీకు, స్టాండర్డ్ అకౌంట్ పిల్లలకు. 2 నుంచి 10 ఏళ్ల వాళ్లకి చదువు ఆటలుండే జీకాంప్రి, బొమ్మలు గీయడానికి టక్స్ పెయింట్ వేయండి, రెండూ ఉచితం, నెట్ లేకున్నా పనిచేస్తాయి. 8 ఏళ్లు దాటితే కోడింగ్ నేర్పే స్క్రాచ్, అయితే 2 జీబీలో అది ఆయాసపడుతుంది. రోజుకి ఇంతసేపే అని గిరి గీయడానికి టైమ్‌కేపీఆర్ ఉంది, అది సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్‌ని (సైట్ పేరును బట్టి దాని చిరునామా వెతికిపెట్టే సర్వర్) 1.1.1.3కి మారిస్తే పెద్దల సైట్లు చాలావరకు తెరుచుకోవు, బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ సెట్టింగ్ దీన్ని దాటేయకుండా చూసుకోండి.

ఎప్పుడో ఒకరోజు కింది ప్యానెల్ మాయం చేసి, ఐకాన్లన్నీ పోగొట్టి మీ దగ్గరికి వస్తారు. టెన్షన్ పడకండి, పిల్లల ఫైళ్లు కాపీ చేసుకుని ఆ అకౌంట్ తీసేసి కొత్తది పెట్టండి, ఐదు నిమిషాల పని.