మినీవ్యాన్ ట్రాన్స్‌మిషన్ పోయిందని చెప్పారా? విప్పే ముందు లోపల ఏ ఫ్లూయిడ్ ఉందో చూడండి

అమెరికాలో మనవాళ్లు మినీవ్యాన్ కొనేది రెండో బిడ్డ పుట్టినప్పుడో, ఊరి నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండడానికి వచ్చినప్పుడో. అదీ చాలామంది లక్ష మైళ్లకు దగ్గరపడిన పాత బండినే కొంటారు. ఏడాది తిరగకముందే ఒక సాయంత్రం ఫోన్ వస్తుంది: "అన్నా, బండి వేగం అందుకోవడం లేదు, డీలర్ ట్రాన్స్‌మిషన్ మొత్తం మార్చాలంటున్నాడు, వారంటీ వర్తించదట." డల్లాస్ శివార్లలోని మా ఇంటి గ్యారేజీలో 18 ఏళ్లుగా ఇటువంటి బండ్లను చూస్తున్నాను. వాటిలో సగానికి పైగా బండ్లకు ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) విప్పవలసిన అవసరమే రాలేదు. అయినా ప్రతి ఒక్కరూ ఐదు నిమిషాల పరీక్షను వదిలేసి నేరుగా నాలుగు వేల డాలర్ల అంచనా కాగితంతోనే వస్తున్నారు.

ఇక్కడ రాసేది ప్రధానంగా డాడ్జ్ గ్రాండ్ క్యారవాన్, క్రైస్లర్ టౌన్ అండ్ కంట్రీ వ్యాన్ల గురించి. బండిని జాక్ స్టాండ్ల మీద నిలబెట్టడం, స్కానర్ తగిలించడం మీకు వచ్చుననే అనుకుంటున్నాను. వారంటీ గురించి చివర చెప్పేది మాత్రం ఏ కంపెనీ వ్యాన్ ఉన్నవారికైనా పనికివస్తుంది.

బండి ఒకే గేరులో నిలిచిపోతుంది

సిగ్నల్ దగ్గర బరువుగా కదులుతుంది, హైవే ఎక్కితే ఇంజన్ అరుస్తుంది గానీ వేగం పెరగదు. దీన్ని లింప్ మోడ్ అంటారు. కంప్యూటర్‌కు ఏదో తేడా కనిపించి, లోపల మరింత నష్టం జరగకుండా ఒక గేరును పట్టుకుని కూర్చుంటుంది. పాత నాలుగు గేర్ల ట్రాన్స్‌మిషన్‌లో అది రెండో గేరు. బండి ఆపి, ఇంజన్ కట్టేసి, మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు మామూలుగా నడుస్తుంది కాబట్టి చాలామంది వారాల తరబడి అలాగే నెట్టుకొస్తారు.

స్కానర్ పెడితే పీ0700 అని వస్తుంది. ఇది లోపం పేరు కాదు, ట్రాన్స్‌మిషన్ వైపు మరో కోడ్ ఉంది, దాన్ని చదవమని చెప్పే సూచన మాత్రమే. ఇరవై డాలర్ల స్కానర్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి, దుకాణంలో కొందరు కూడా ఇక్కడే ఆగి "ట్రాన్స్‌మిషన్ పోయింది" అంటారు. ట్రాన్స్‌మిషన్ కోడ్లను చదవగల స్కానర్ సంపాదించండి. పీ0715 గానీ పీ0720 గానీ కనిపిస్తే అవి ఇన్‌పుట్, అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్లకు చెందినవి. నాలుగు గేర్ల ట్రాన్స్‌మిషన్‌పై ఈ రెండూ బయటి నుంచే బిగించి ఉంటాయి, గంటలో మార్చవచ్చు. మార్చే ముందు వాటి ప్లగ్గులు ఊడదీసి, లోపల పచ్చటి చిలుము పట్టిందేమో చూడండి.

అయితే వీటన్నిటికంటే ముందు బ్యాటరీ చూడాలి. రాత్రంతా నిలిచిన బండిలో మల్టీమీటర్ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2 చూపితే బ్యాటరీ సగం ఖాళీ అయినట్లే. స్టార్ట్ చేసే క్షణంలో వోల్టేజీ పడిపోతే కంప్యూటర్ పిచ్చి లెక్కలు వేసి, లేని గేరు లోపాన్ని నమోదు చేస్తుంది. నెగటివ్ తీగ బాడీకి తగిలే చోట తుప్పు గీకి బిగించిన తర్వాత మళ్లీ ఆ కోడే రాని బండ్లను నేను మూడు చూశాను.

గేరు పడడానికి ఆలస్యం

లివర్ డ్రైవ్‌లోకి వేశాక రెండు మూడు సెకన్లు ఏమీ జరగక, ఆ తర్వాత ఒక్క కుదుపుతో పడితే ముందుగా ఫ్లూయిడ్ (ట్రాన్స్‌మిషన్ లోపలి నూనె) మట్టం చూడండి. ఇంజన్ వేడెక్కి, బండి సమతలంపై ఉండి, ఇంజన్ నడుస్తుండగా, లివర్‌ను అన్ని గేర్లలోకి ఒకసారి తిప్పి పార్క్‌లోకి తెచ్చిన తర్వాత డిప్‌స్టిక్ చూడాలి. చల్లటి ఇంజన్ మీద చూసి "నిండుగానే ఉంది" అని చెప్పేవారి మాట లెక్కలోకి రాదు. ఆరు గేర్ల ట్రాన్స్‌మిషన్ ఉన్న బండ్లలో గొట్టం ఉంటుంది గానీ డిప్‌స్టిక్ ఉండదు. మూత మీద డీలర్ మాత్రమే వాడాలని రాసి ఉంటుంది. అందువల్ల వాటిని ఎవరూ చూడరు. కొలిచే కడ్డీ విడిగా దొరుకుతుంది. ఫ్లూయిడ్ ఉష్ణోగ్రతను స్కానర్‌లో చదివి, ఆ ఉష్ణోగ్రతకు ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలో సర్వీస్ పట్టికతో పోల్చుకోవాలి. మట్టం తగ్గితే పోసి ఊరుకోవద్దు, ఎక్కడ కారుతోందో కనిపెట్టాలి. సాధారణంగా అది పాన్ (ట్రాన్స్‌మిషన్ అడుగున ఉండే తొట్టి) అంచు గానీ, ఇరుసు సీల్ గానీ, కూలర్ గొట్టం గానీ అవుతుంది.

40 మైళ్ల దగ్గర వణుకు: అందరూ పొరబడేది ఇక్కడే

గంటకు 40, 45 మైళ్ల మధ్య, యాక్సిలరేటర్ మీద పాదం తేలికగా ఉన్నప్పుడు, రోడ్డు అంచున చెక్కిన చారల మీద బండి వెళ్తున్నట్టు ఒక వణుకు వస్తుంది. రెండు సెకన్లు ఉండి పోతుంది, మళ్లీ వస్తుంది. దుకాణంలో మొదట స్పార్క్ ప్లగ్గులంటారు, తర్వాత ఇంజన్ మౌంట్లంటారు, చివరికి ట్రాన్స్‌మిషన్ అంటారు.

తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఖాళీ రోడ్డు మీద వణుకు వస్తున్నప్పుడు వేగం తగ్గించకుండా ఎడమ పాదంతో బ్రేకును దీపం వెలిగేంత మాత్రమే తాకండి. బ్రేక్ స్విచ్ తెలియజేయగానే, ఇంజన్ శక్తిని ఫ్లూయిడ్ ద్వారా ట్రాన్స్‌మిషన్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లోని క్లచ్ విడిపోతుంది. ఆ క్షణంలోనే వణుకు ఆగితే అది ఇంజన్‌ది కాదు, కన్వర్టర్ క్లచ్‌ది. ఆగకపోతే ప్లగ్గుల వైపు వెళ్లండి.

కన్వర్టర్ క్లచ్ అని తేలిన తర్వాత అడగవలసిన మొదటి ప్రశ్న, లోపల ఏ ఫ్లూయిడ్ ఉంది అన్నది. ఈ వ్యాన్లలో ఆ క్లచ్ ఒక్కసారిగా బిగుసుకోదు. కంప్యూటర్ దాన్ని కొద్దిగా జారనిస్తూ మెల్లగా పట్టిస్తుంది, ఆ జారడం నున్నగా సాగడానికి కావలసిన గుణం ఫ్లూయిడ్‌లోనే ఉండాలి. 1989లో ఈ కుటుంబపు తొలి ట్రాన్స్‌మిషన్ అల్ట్రాడ్రైవ్ పేరుతో వచ్చినప్పటి నుంచీ ఇదే కథ. దానికి కంపెనీ 7176 అనే తన సొంత ఫ్లూయిడ్‌ను నిర్దేశించింది, కానీ అది దొరకనప్పుడు జనరల్ మోటార్స్ వారి ఫ్లూయిడ్ అయిన డెక్స్‌రాన్ పోయవచ్చన్న సలహా కూడా తొలి రోజుల్లో ఇచ్చింది. అలా పోసిన బండ్లు వణికాయి. తర్వాత ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) ప్లస్ 3, ఆ తర్వాత ఏటీఎఫ్ ప్లస్ 4 వచ్చాయి. ఈ రోజుకీ నాలుగు గేర్ల, ఆరు గేర్ల ట్రాన్స్‌మిషన్లకు పోయవలసింది ఏటీఎఫ్ ప్లస్ 4 మాత్రమే.

ఈ లోపం కంటికి దొరకదు. డెక్స్‌రాన్ ఎర్రగానే ఉంటుంది, అన్ని బండ్లకూ పనికివస్తుందని అమ్మే యూనివర్సల్ ఫ్లూయిడ్ కూడా ఎర్రగానే ఉంటుంది. మట్టం సరిగానే ఉంటుంది, కోడ్ రాదు. పైగా అసలైన ఏటీఎఫ్ ప్లస్ 4లోని ఎరుపు రంగు నిలిచేది కాదు, వాడకంలో గోధుమ రంగుకు తిరుగుతుంది, వాసన కూడా మారుతుంది. అందుచేత తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి చూస్తే సరైన ఫ్లూయిడ్ చెడిపోయినట్టు, తప్పుడు ఫ్లూయిడ్ కొత్తగా మెరుస్తున్నట్టు కనిపించే ప్రమాదం ఉంది.

మా బావమరిది 2006 టౌన్ అండ్ కంట్రీ విషయంలో నేను సరిగ్గా ఇలాగే దెబ్బతిన్నాను. డిప్‌స్టిక్ తీస్తే చుక్క దానిమ్మ రసంలా ఉంది, మట్టం గీతకు సరిగ్గా ఉంది. ఫ్లూయిడ్ బాగుందని రాసుకుని ముందుకు పోయాను. గేర్లు మార్చే విద్యుత్ వాల్వుల పెట్టె అయిన సోలినాయిడ్ ప్యాక్ మార్చాను, స్పీడ్ సెన్సర్లు మార్చాను, వణుకు పోలేదు. చివరికి కన్వర్టర్ పోయిందని, ఎలాగూ దింపుతున్నారు కాబట్టి రీబిల్ట్ ట్రాన్స్‌మిషన్ వేయించుకోమని నేనే చెప్పాను. అతను వేయించుకున్నాడు. మూడు వారాలకు మళ్లీ అదే వేగం దగ్గర అదే వణుకు వచ్చింది. అప్పుడు గ్లవ్ బాక్స్‌లోని కాగితాలన్నీ సీటు మీద పరిచాను. ఏడాది కిందట ఆయిల్ మార్చే ఒక దుకాణం ఇచ్చిన రసీదులో "మల్టీ వెహికల్ ఏటీఎఫ్" అని ఒక వరుస ఉంది. రీబిల్ట్ వేసిన దుకాణం బిల్లులో "ఏటీఎఫ్, 10 క్వార్ట్లు" అని మాత్రమే ఉంది. ఫోన్ చేస్తే, అన్ని బండ్లకూ ఒకే పీపాలోంచి పోస్తామని ఏ సంకోచమూ లేకుండా చెప్పారు. ఫ్లూయిడ్ మార్చాను, రెండోసారికి వణుకు తగ్గింది, మూడోసారికి పోయింది. పాత ట్రాన్స్‌మిషన్‌ను అప్పటికే దుకాణం వాళ్లు తీసేసుకున్నారు. అది నిజంగా పాడైందో లేదో తెలుసుకునే దారి లేకుండా పోయింది. ఆ డబ్బు మా చెల్లెలు ఇండియా ప్రయాణానికి దాచుకున్నది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి రసీదులు చూడనిదే నేను పానా ముట్టుకోను.

ఇక పరిష్కారం. ఒక్కసారి పాన్ దింపి ఫ్లూయిడ్ మారిస్తే చాలదు. నాలుగు గేర్ల ట్రాన్స్‌మిషన్‌లో మొత్తం 9.7 క్వార్ట్లు (క్వార్ట్ అంటే లీటరుకు కాస్త తక్కువ) పడుతుంది, పాన్ దింపితే వచ్చేది సుమారు 4 క్వార్ట్లే. మిగతాది కన్వర్టర్‌లోనూ కూలర్‌లోనూ ఉండిపోతుంది. లెక్క కట్టండి: మొదటిసారి మార్చాక కూడా లోపల 59 శాతం పాతదే ఉంటుంది, రెండోసారికి 35 శాతం, మూడోసారికి 20 శాతం. కాబట్టి కనీసం మూడుసార్లు, మధ్యలో ఒక్కో వారం మామూలుగా నడుపుతూ మార్చాలి. ఫిల్టర్‌ను మొదటిసారే మార్చండి. సీసా వెనుక ఎంఎస్ 9602 అనే నిర్దేశం, దానితో పాటు లైసెన్స్ సంఖ్య ఉన్నదే కొనండి. "ఏటీఎఫ్ ప్లస్ 4 వాడే చోట పనికివస్తుంది" అన్న వాక్యం మాత్రమే ఉన్న సీసా అది కాదు. డెక్స్‌రాన్‌లో కలిపి దాన్ని ఏటీఎఫ్ ప్లస్ 4గా మార్చేస్తామనే చిన్న సీసాల జోలికి పోవద్దు. మూడుసార్లు మార్చి, వెయ్యి మైళ్లు నడిపాక కూడా వణుకు ఉంటే క్లచ్ పొర నిజంగానే దెబ్బతిన్నదని ఒప్పుకుని కన్వర్టర్ మార్చాలి.

తొమ్మిది గేర్ల పసిఫికాలో మాత్రం ఏటీఎఫ్ ప్లస్ 4 పోయడమే తప్పు, దానికి వేరే ఫ్లూయిడ్ ఉంది. పాత హోండా ఒడిస్సీలకు డీడబ్ల్యూ 1, టొయోటా సియెన్నాకు డబ్ల్యూఎస్ ఉన్నాయి. మీ సంవత్సరపు బండికి ఏదో యజమాని పుస్తకంలో చూసి ఆ పేరే అడగండి.

మిగతావి

ఫ్లూయిడ్‌ను దారి మళ్లించే వాల్వ్ బాడీ అరిగిపోవడం, పంపు పోవడం, రేడియేటర్‌లోని కూలర్ పగిలి కూలెంట్ ఫ్లూయిడ్‌లో కలిసి గులాబీ రంగు పాలలా మారడం ఉంటాయి గానీ అరుదు. చివరిది కనిపిస్తే బండిని ఇంకొక్క మైలు కూడా నడపకండి. పాన్‌లో సన్నటి బూడిద రంగు పొడి ఉంటే కంగారు అక్కర్లేదు, లోహపు ముక్కలు ఉంటే ఇక విప్పవలసిందే. సోలినాయిడ్ ప్యాక్ గానీ ట్రాన్స్‌మిషన్ గానీ మార్చినప్పుడు స్కానర్‌తో క్విక్ లెర్న్, అంటే కొత్త భాగానికి తగ్గట్టు కంప్యూటర్ మళ్లీ సర్దుకునే ప్రక్రియ, చేయించండి. అది చేయకుండా గేర్లు కుదుపుతున్నాయని తిరిగి వచ్చినవారు ఉన్నారు.

వారంటీ లేదన్నప్పుడు

మొదట తేదీ సరిచూసుకోండి. వారంటీ మోడల్ సంవత్సరం నుంచి లెక్కకు రాదు, బండి మొదటి యజమాని చేతికి వెళ్లిన రోజు నుంచి వస్తుంది. హోండా, టొయోటా వ్యాన్లకు ఇంజన్, ట్రాన్స్‌మిషన్ వారంటీ 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు. కియా కార్నివాల్‌కు ప్రకటనల్లో కనిపించే 10 ఏళ్లు, లక్ష మైళ్లు మొదటి యజమానికే, రెండో చేతికి వచ్చేసరికి అది కూడా 5 ఏళ్లు, 60,000 మైళ్లే. క్రైస్లర్ 2007లో మొదలుపెట్టిన జీవితకాల వారంటీని నమ్మి పాత వ్యాన్ కొన్నవారు ఎందరో నిరాశపడ్డారు, ఎందుకంటే అది మొదటి యజమానిని దాటి రాదు. మొదటి యజమానైనా ఐదేళ్లకోసారి, గడువుకు 60 రోజుల అటూ ఇటూగా, డీలర్ దగ్గర తనిఖీ చేయించుకోకపోతే అది రద్దవుతుంది.

రెండోది, "బయట సర్వీస్ చేయించారు కాబట్టి వారంటీ లేదు" అన్న మాట అక్కడికక్కడే చెల్లదు. 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం, ఉచితంగా చేసి పెడితే తప్ప, తమ దగ్గరే సర్వీస్ చేయించాలన్న షరతు వారంటీకి పెట్టకూడదు. బయట చేసిన పని వల్లే చెడిందని వాళ్లే చూపించాలి. అయితే రసీదులో "మల్టీ వెహికల్ ఏటీఎఫ్" అని ఉంటే ఆ రుజువును మనమే వాళ్ల చేతికి ఇచ్చినట్లవుతుంది.

ట్రాన్స్‌మిషన్ వారంటీ ముగిసినా, లోపం కంప్యూటర్‌లో ఉందని తేలితే ఆశ వదులుకోకండి. కాలుష్య నియంత్రణకు చెందిన కంప్యూటర్‌కు ఫెడరల్ నిబంధన ప్రకారం 8 ఏళ్లు, 80,000 మైళ్ల వారంటీ ఉంటుంది. మీ బండిలో గేర్లను కూడా ఆ కంప్యూటరే నడుపుతోందా అని అడగండి. రీకాల్ ఉందేమో 17 అక్షరాల విన్ (బండి గుర్తింపు) సంఖ్యతో చూసుకోండి. 2004లో హోండా రెండో గేరు వేడెక్కే లోపానికి 2002 నుంచి 2004 వరకూ వచ్చిన ఒడిస్సీలను వెనక్కి పిలిచింది. ఆ ఏళ్ల బండి కొంటున్నవారు ఆ పని జరిగిందో లేదో అడిగి తెలుసుకోవాలి.

కొన్నచోట అంటగట్టే ఎక్స్‌టెండెడ్ వారంటీ నిజానికి ఒక సర్వీస్ ఒప్పందం. అందులో చాలావాటికి, ముందుగా అనుమతి తీసుకోకుండా ట్రాన్స్‌మిషన్ విప్పితే డబ్బు రాదు. కాబట్టి అనుమతి సంఖ్య చేతికి వచ్చేదాకా దుకాణం వాళ్లను విప్పనివ్వకండి. డీలర్ కాదంటే కారణాన్ని కాగితం మీద రాసి ఇమ్మని అడగండి, దానితో కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కేసు సంఖ్య తీసుకోండి. ఫ్లూయిడ్ మీరే మార్చుకుంటే సీసా వెనుక లేబుల్‌ను, ఆనాటి మైళ్ల సంఖ్యను, కొన్న రసీదును ఒకే ఫొటోలో వచ్చేలా తీసి పెట్టుకోండి. మా బావమరిది వ్యాన్ గ్లవ్ బాక్స్‌లో ఇప్పుడు అటువంటి ఫొటోల ప్రింట్లు మూడు ఉన్నాయి.