విశ్వం వయసు మీరే లెక్క కట్టండి – 3వ పాఠం: ఎప్పుడు బయల్దేరినట్టు?

కిందటి రెండు పాఠాల్లో రెండు పనులు నేర్చుకున్నాం. సెఫీడ్ తారల మినుకును బట్టి గెలాక్సీ ఎంత దూరంలో ఉందో చెప్పడం ఒకటి. దాని వెలుగు ఎరుపు వైపు ఎంత జరిగిందో చూసి, ఎంత వేగంగా దూరమవుతోందో చెప్పడం రెండోది. ఈ రోజు ఆ రెండింటినీ కలిపి వయసు రాబడదాం. కాగితం, పెన్సిలు, జానెడు ఎలాస్టిక్ నాడా దగ్గర పెట్టుకోండి.

ముందు మన దారి లెక్క. అనంతపురంలో శనక్కాయ మూటలు వేసుకుని బయల్దేరిన ట్రాక్టరు గంటకు 25 కిలోమీటర్ల చొప్పున పోయి, ఇప్పుడు గుత్తి దగ్గరుంది. సుమారు 50 కిలోమీటర్లు. గంటకు 75 చొప్పున పోయిన కారు సుమారు 150 కిలోమీటర్లు దాటి కర్నూలు చేరింది. దూరాన్ని వేగంతో భాగించండి. రెండింటికీ రెండు గంటలే. కదిలేటప్పుడు మీరు అక్కడ లేకపోయినా, రెండూ ఒకే వేళకు కదిలాయని తెలిసిపోయింది. గెలాక్సీలదీ ఇదే తీరు: రెట్టింపు దూరంలో ఉన్నది రెట్టింపు వేగంతో పోతోంది. 1929లో ఎడ్విన్ హబుల్ చూపించింది ఇదే.

ఒక్క జాగ్రత్త. బండ్లకు అనంతపురం అని బయల్దేరిన చోటుంది. విశ్వానికి అలాంటి నడిబొడ్డు లేదు. నాడా మీద అంగుళానికొకటి చొప్పున నాలుగైదు చుక్కలు పెట్టి, ఎడం రెండంగుళాలయ్యే దాకా సాగదీయండి. ఏ చుక్క దగ్గర నిలబడి చూసినా పక్కది ఒక అంగుళం, దాని అవతలిది రెండు అంగుళాలు జరిగినట్టే ఉంటుంది. సాగుతున్నది నాడా, చుక్కలు పరిగెత్తడం లేదు. చదివి వదిలేయకుండా ఇది చేసి చూడండి, చేతికి తెలిస్తే మరిచిపోరు.

ఇక అసలు లెక్క. నేటి కొలతల ప్రకారం 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి వేగం సెకనుకు సుమారు 70 కిలోమీటర్లు. ఆ దూరం దాటడానికి వెలుగుకు 32.6 లక్షల ఏళ్లు పడుతుంది. వెలుగు వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. 70తో భాగిస్తే 4,286. అంటే గెలాక్సీకి అన్ని రెట్లు ఎక్కువ కాలం కావాలి. 32.6 లక్షలను 4,286తో హెచ్చిస్తే సుమారు 1,400 కోట్ల ఏళ్లు!

ఇదే లెక్క హబుల్ కొలిచిన వేగంతో చేయండి. ఆయనకు 70 బదులు సుమారు 500 వచ్చింది. 3 లక్షలను 500తో భాగిస్తే 600. 600 సార్లు 32.6 లక్షలంటే 196 కోట్ల ఏళ్లు. ఇప్పుడు పులివెందుల వైపు చూడండి. అక్కడ పాత రాతిపొరల మధ్యకు కరిగిన శిల చొచ్చుకొచ్చి గట్టిపడిన నల్లరాయి ఉంది. యురేనియం సీసంగా మారే లెక్కతో దాని వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని తేలింది. అంటే విశ్వం పుట్టిన 8 కోట్ల ఏళ్లకే పులివెందుల రాయి తయారైనట్టు! నాకు ఈ పాఠం మొత్తంలో ఇష్టమైన చోటు ఇదే. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. పిల్ల తల్లికంటే పెద్దది కాలేదు కదా. ఆ కాలంలోనూ వేరే చోట్ల రాళ్ల వయసుతో ఈ పేచీ వచ్చింది. భాగహారం తప్పు కాదు, దూరాలు తప్పు. సెఫీడ్ తారల్లో రెండు రకాలున్నాయని, రెండింటినీ ఒకటిగా లెక్కేశారని 1952లో వాల్టర్ బాడే చెప్పాడు. దాంతో గెలాక్సీల దూరాలు, విశ్వం వయసు ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. తర్వాత మరిన్ని దిద్దుబాట్లు జరిగాయి.

వేగం ఎప్పుడూ ఒకేలా లేదన్న సంగతి కూడా కలపాలి. మొదట గురుత్వాకర్షణ వ్యాకోచాన్ని నెమ్మదింపజేసింది, తర్వాత అది మళ్లీ జోరందుకుంది. రెండూ చాలావరకు ఒకదాన్నొకటి సరిపెట్టుకుంటాయి కాబట్టి, ఇప్పుడు చెప్పే 1,380 కోట్లకు మన లెక్క అంత దగ్గరగా వచ్చింది.

ఈ వారం పని: తొలినాటి వెలుగును కొలిచినవారికి వేగం సుమారు 67 వస్తోంది, సెఫీడ్లు, పేలే తారలతో కొలిచినవారికి సుమారు 73. ఈ తేడా ఎందుకో ఇంకా తేలలేదు. రెండింటితోనూ వయసు కట్టండి. 1,460 కోట్లు, 1,340 కోట్లు రాకపోతే సున్నాలు మరోసారి లెక్కపెట్టుకోండి.