కై-స్క్వేర్ ఫలితం తేడాగా ఉందా? ముందు పట్టిక చూడండి

గ్రూపుల మధ్య కనిపించే తేడా కేవలం యాదృచ్ఛికమా కాదా అని గడుల పట్టిక నుంచి చూసే గణాంక పరీక్షే కై-స్క్వేర్ టెస్టు.

సమస్య: డేటా ఒక్కటే, ఇద్దరు చేస్తే రెండు జవాబులు
కారణం: ఒకరు గడుల్లో మనుషుల సంఖ్య వేశారు, ఇంకొకరు శాతాలు వేశారు. రెండు గ్రూపుల్లో 40 మంది చొప్పున ఉన్నారనుకోండి. మొదటి గ్రూపులో 24 మంది, రెండోదానిలో 20 మంది 'అవును' అన్నారు. యేట్స్ సవరణ (2×2 పట్టికలో విలువను కాస్త తగ్గించే దిద్దుబాటు) లేకుండా చేస్తే కై-స్క్వేర్ విలువ 0.81 వస్తుంది. అదే 60, 50 అని శాతాలు వేస్తే 2.02 అవుతుంది. శాతాలు చూసి టెస్టు ఒక్కో గ్రూపులో 100 మంది ఉన్నారని నమ్మేస్తుంది మరి.
పరిష్కారం: శాతాలు రిపోర్టులో రాసుకోండి. టెస్టుకు అసలు సంఖ్యలే ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ యేట్స్ సవరణ తనంతట తానే చేస్తోందేమో కూడా చూడండి. చేస్తే ఇదే విలువ 0.45కి దిగుతుంది.

సమస్య: తేడా చిన్నదే, పీ-వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా కనబడే అవకాశం) మాత్రం బాగా తక్కువ
పై ఉదాహరణలోనే గ్రూపుకు 400 మంది ఉంటే, శాతాలు మారకపోయినా విలువ 8.08 అవుతుంది. 5 శాతం స్థాయిలో హద్దు 3.84 కాబట్టి శూన్య పరికల్పనను (గ్రూపుల మధ్య తేడా లేదనే ఊహను) తోసిపుచ్చుతాం. ఇది పెద్ద శాంపిల్ ప్రభావం. క్రామర్ వీ (సంబంధం ఎంత బలమైందో 0 నుంచి 1 వరకు చెప్పే కొలత) కూడా చెప్పండి: రెండుసార్లూ అది 0.10 మాత్రమే.

సమస్య: 'అంచనా సంఖ్య 5 కన్నా తక్కువ' అని హెచ్చరిక
చాలామంది గడిలో కనిపించే సంఖ్య చూసి టెన్షన్ పడతారు. చూడాల్సింది అది కాదు. అడ్డు వరుస మొత్తాన్ని నిలువు వరుస మొత్తంతో గుణించి, అందరి మొత్తంతో భాగిస్తే వచ్చేదే అంచనా సంఖ్య. 5 కన్నా తక్కువ వచ్చిన గడులు 20 శాతం దాటకూడదు, ఏదీ 1 కన్నా తగ్గకూడదన్నది గణాంక శాస్త్రవేత్త కాక్రన్ సూచన. అర్థం చెడదనుకుంటే వర్గాలు కలపండి, లేదంటే చిన్న సంఖ్యలకూ పనికొచ్చే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ వాడండి. ఫలితం చూశాక, అది మనకు నచ్చేలా వర్గాలు కలపడం మాత్రం తప్పు.

సమస్య: డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (మొత్తాలు మారకుండా స్వేచ్ఛగా మారగల గడుల సంఖ్య) కుదరడం లేదు
అడ్డు వరుసల్లోంచి 1, నిలువు వరుసల్లోంచి 1 తీసేసి గుణించండి. 2×2 పట్టికకు 1. ఈ టెస్టును 1900లో తెచ్చిన కార్ల్ పియర్సన్ దీనికి 3 అనే లెక్కేశారు. 1922లో ఫిషర్ సరిదిద్దారు.

సమస్య: గడుల మొత్తం మనుషుల కన్నా ఎక్కువ
నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌కు ఇది కనబడదు. ఒకే మనిషి రెండు గడుల్లో ఉన్నాడన్నమాట. శిక్షణకు ముందూ తర్వాతా అవే మనుషుల్ని అవును-కాదు ప్రశ్న అడిగారా? అయితే మెక్‌నెమార్ టెస్ట్ చేయాలి. ఒక్కొక్కరు నాలుగైదు ఆప్షన్లు టిక్ చేశారా? ఒక్కో ఆప్షన్‌కు విడిగా అవును-కాదు పట్టిక వేయండి.