ఇంటర్‌ఫేసింగ్ ల్యాబ్: స్విచ్ వేసే ముందు

ల్యాబ్ ఎక్స్‌టర్నల్ రోజున 8086 మైక్రోప్రాసెసర్ కిట్ ముందు కూర్చున్నవాళ్లకి టెన్షనంతా ప్రోగ్రామ్ మీదే. ప్రోగ్రామ్ తప్పయితే రీసెట్ నొక్కి మళ్లీ కొట్టుకోవచ్చు. కేబుల్ తప్పయితే ఐసీ కాలిపోవచ్చు, అప్పుడు కొట్టుకోవడానికి కిట్టే ఉండదు. అందుకని ముందు కేబుల్ సంగతి.

కిట్ నుంచి స్టెప్పర్ మోటారు బోర్డుకి వెళ్లే ఎఫ్ఆర్‌సీ (పట్టీలా ఉండే) కేబుల్‌కి ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది. గీత ఉన్నవైపే 1వ పిన్ను. రెండు కొసల్లోనూ అది 1వ పిన్నుకే పడిందా అని వంగి చూడండి. గాడి ఉన్న కనెక్టరైతే తిరగబడదు, కానీ గాడి విరిగినవి ల్యాబుల్లో బోలెడు. చాలా కిట్లలో 5 వోల్టులు, గ్రౌండ్ కూడా ఈ కేబుల్లోనే పోతాయి. తిరగేస్తే సప్లై వెళ్లి పోర్టు (కిట్ సిగ్నల్స్ బయటికి, లోపలికి పోయే దారి) పిన్ను మీద పడొచ్చు. కేబుల్ పెట్టాలన్నా తీయాలన్నా కిట్ ఆఫ్‌లోనే ఉండాలి. ఆఫ్ చేస్తే ర్యామ్‌లో కొట్టింది పోతుంది, బ్యాటరీ ఉంటే తప్ప. కాబట్టి కనెక్షన్లన్నీ అయ్యాకే ప్రోగ్రామ్ కొట్టడం మొదలెట్టండి.

మోటారు కాయిల్‌కి కావాల్సినంత కరెంటు పోర్టు పిన్ను ఇవ్వలేదు. మధ్యలో యూఎల్ఎన్2003 లాంటి డ్రైవర్ ఉండాలి. ఒక్కో ఛానెల్ 500 మిల్లీ ఆంపియర్ల దాకా ఓర్చుకుంటుంది. దాని 9వ పిన్నుని మోటారు సప్లై ప్లస్‌కి కలపడం చాలామంది మర్చిపోతారు. కలపకపోతే లోపలి డయోడ్లకి పని ఉండదు, కాయిల్ ఆగినప్పుడల్లా లేచే వోల్టేజ్ దెబ్బ డ్రైవర్ మీదే పడుతుంది. మోటారుకి సప్లై వేరుగా ఇవ్వండి, గ్రౌండ్‌లు మాత్రం కలపండి. చదువుకునే రోజుల్లో నేను మోటారుని కిట్ 5 వోల్టుల మీదే పెట్టాను. అది కదిలినప్పుడల్లా కిట్ రీసెట్ అయ్యేది. గంటసేపు ప్రోగ్రామ్‌లో తప్పు వెతికాను!

కిట్‌లో పోర్టులిచ్చే చిప్ 8255. రీసెట్ కాగానే దాని మూడు పోర్టులూ ఇన్‌పుట్లే. కంట్రోల్ వర్డ్ (పోర్టులు ఎలా పనిచేయాలో చెప్పే బైటు) 80హెచ్, అంటే హెక్స్‌లో 80, ఇస్తే మూడూ అవుట్‌పుట్లవుతాయి. స్విచ్‌లు తగిలించిన పోర్టుని పొరపాటున అవుట్‌పుట్ చేశారో, పిన్ను 1 అంటుంటే స్విచ్ గ్రౌండ్‌కి లాగుతుంది, మధ్యలో నలిగేది 8255. పోర్టు అడ్రసులు ఒక్కో కంపెనీ కిట్‌లో ఒక్కోలా ఉంటాయి. పక్క బ్యాచ్ రికార్డు చూసి రాసుకోకండి, మీ కిట్ మాన్యువల్ చూడండి. అడ్రస్ హెక్స్‌లో ఎఫ్ఎఫ్ దాటితే దాన్ని 8086లోని డీఎక్స్ రిజిస్టర్‌లో పెట్టాలి.

8051 మైక్రోకంట్రోలర్‌లో ఇది తలకిందులు. రీసెట్‌లో పోర్టులన్నీ 1కి లేస్తాయి. డ్రైవర్‌కి 1 ఇస్తే ఆన్ అయ్యే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఉంటే, మీ మొదటి ఇన్‌స్ట్రక్షన్ రాకముందే టక్కుమంటుంది. రిలేకి లోడ్ తగిలించకుండా ఓసారి ఆన్ చేసి చూడండి. పోర్టు 0ని అవుట్‌పుట్‌గా వాడితే 10 కిలో ఓమ్‌ల పుల్అప్ (పిన్నుని 5 వోల్టులకి కలిపే రెసిస్టర్) తప్పనిసరి. ఎల్ఈడీని 5 వోల్టుల నుంచి రెసిస్టర్ ద్వారా పిన్నులోకి వెలిగించండి. పిన్ను కరెంటు ఇవ్వడంలో పిసినారి, లాగడంలో కాస్త నయం.

ప్రాజెక్టులో ఈఎస్‌పీ32 గానీ రాస్ప్‌బెర్రీ పై గానీ వాడేవాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. వాటి పిన్నులు 3.3 వోల్టులవి. 5 వోల్టుల మీద నడిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ ఎకో పిన్ను 5 వోల్టులే పంపుతుంది. 1 కిలో, 2 కిలో ఓమ్‌లు వరుసగా పెట్టి, 2 కిలో మీద వచ్చేదాన్నే బోర్డుకి ఇవ్వండి. ముందు ఎకో బదులు 5 వోల్టులిచ్చి మల్టీమీటర్‌తో కొలవండి, 3.3 దగ్గర కనిపిస్తేనే తగిలించండి.