మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకి: సెక్స్ వర్కర్ దగ్గరికి వెళ్ళాలనుకుంటే

పోయిన నెల సింగరాయకొండ కుర్రాడొకడు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు. కాసేపు మాటే రాలేదు వాడికి. తర్వాత ఒక్క గుక్కలో, "అన్నా, ఆరొందల డాలర్లు పోయాయి, ఇంకో వెయ్యి వెయ్యకపోతే మా నాన్నకి పంపిస్తామంటున్నారు" అన్నాడు. ఏం పంపిస్తామన్నారో నేను అడగలేదు. 2017లో నేను కావలి నుంచి వచ్చిన మూడో నెలలో నాకూ అదే జరిగింది. అందుకే రాస్తున్నా. తప్పా ఒప్పా అని నన్ను అడగొద్దు, అది మీ ఇష్టం. వెళ్ళాలనుకునేవాడు ఎట్టాగూ వెళ్తాడు, తెలిసి వెళ్తే నయం.

ముందు చట్టం సంగతి. ఇది విక్టోరియాలో, అంటే మెల్‌బోర్న్ ఉన్న రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి మాత్రమే. ఇక్కడ 2022 మేలో ఒక విడత, 2023 డిసెంబర్‌లో ఇంకో విడత చట్టం మార్చి సెక్స్ వర్క్‌ని నేరాల జాబితాలోంచి తీసేశారు, మిగతా పనుల్లాగే అదీ ఒక పని. సిడ్నీ వైపు 1995 నుంచే అంతే. అడిలైడ్‌లో అట్టా కాదు. టొరంటోలో ఉన్న మీ బావమరిదికి ఇది ఫార్వర్డ్ చెయ్యొద్దు, కెనడాలో 2014 నుంచి డబ్బిచ్చి వెళ్ళేవాడిదే నేరం. స్వీడన్‌లో 1999 నుంచి, ఫ్రాన్స్‌లో 2016 నుంచి అదే లెక్క. ఇక కువైట్‌లో ఉన్న మన నెల్లూరోళ్ళు ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

నేను చెప్పేది ఇండిపెండెంట్‌గా పనిచేసేవాళ్ళ గురించి. ఇండిపెండెంట్ అంటే ఏజెన్సీ, మేనేజరూ లేకుండా తన పని తానే చూసుకునే మనిషి. ఫోన్ తనే చూస్తుంది, రేటు తనే పెడుతుంది, వద్దనే హక్కూ తనదే. ఈ చివరిది మనవాళ్ళకి అస్సలు ఎక్కదు. "హాయ్ డియర్, ఫ్రీ ఆ?" అని మెసేజ్ పెడతారు, జవాబు రాకపోతే పది నిమిషాల్లో ఆరుసార్లు ఫోన్ కొడతారు. పైగా బేరం! ఒంగోలు కూరగాయల మార్కెట్లో వంకాయలు బేరమాడినట్టు "స్టూడెంట్‌ని, తగ్గించు" అంటే ఆమె బ్లాక్ చేస్తుంది, చెయ్యాలి కూడా. పేరు, ఏ రోజు, ఎన్నింటికి, ఎంతసేపు, ఈ నాలుగూ మర్యాదగా ఒకే మెసేజ్‌లో రాయండి. ఆమె పేజీలో రాసి ఉన్న విషయాన్ని మళ్ళీ అడగొద్దు. స్నానం చేసి వెళ్ళండి, తాగి వెళ్ళొద్దు, డబ్బు లోపలికి వెళ్ళగానే ఆమె అడక్కముందే ఇవ్వండి. ఇవన్నీ చెప్పాలా అసలు?

కొందరు మన అసలు పేరో, ఐడీనో అడుగుతారు. భయపడొద్దు. ముక్కూమొహం తెలియని మగవాడితో ఒంటరిగా గదిలో ఉండబోయేది ఆమె, ముందు జాగ్రత్త ఆమెకే ఎక్కువ అవసరం. ఇవ్వడం ఇష్టం లేకపోతే వేరేవాళ్ళని చూసుకోండి, గొడవ పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి, అడ్వాన్స్. నిజమైనవాళ్ళు కూడా అడ్వాన్స్ అడుగుతారు, ఎందుకంటే బుక్ చేసి రాకుండా పోయేవాళ్ళు అంతమంది ఉంటారు. కాబట్టి అడ్వాన్స్ అడిగారని దొంగ అనుకోవద్దు, ఎట్టా అడిగారో చూడండి. నిజమైన మనిషికి ఏళ్ళ తరబడి నడుస్తున్న సొంత పేజీ ఉంటుంది, అన్నిచోట్లా అదే పేరు, అదే నంబరు ఉంటాయి, మొత్తంలో కొంత మాత్రమే ముందు అడుగుతుంది, మిగతాది కలిసినప్పుడు. అదే దొంగైతే గిఫ్ట్ కార్డు అడుగుతాడు. నన్నూ అదే అడిగారు. వంద డాలర్ల కార్డులు రెండు కొని, స్టేషన్ బెంచీ మీద కూర్చుని, ఇంటి తాళంతో వెనకాల బూడిదరంగు పూత గీకి నంబర్లు ఫోటో తీసి పంపా, వేళ్ళకి ఆ పొడి అంటుకుని ఉండగానే ఇంకో మెసేజ్ వచ్చింది, "సెక్యూరిటీ ఫీజు 300, తర్వాత వాపస్" అని. నేను ఇవ్వలేనన్నా. అంతే, నా ఫేస్‌బుక్ ఫ్రెండ్స్ లిస్టు స్క్రీన్‌షాట్ వచ్చింది. అందులో రెండో పేరు మా మేనమామది.

అక్కడే మనం దొరికిపోతాం. వాళ్ళ దగ్గర ఉన్నదల్లా నాలుగు మెసేజీలూ మన పేరూ. దాన్ని కత్తిగా మార్చేది మన భయం, ట్రంక్ రోడ్డులో అందరికీ తెలిసిపోతుందని, అమ్మ ముందు తలెత్తుకోలేమని, చెల్లి పెళ్ళి ఆగిపోతుందని. నేను రూమ్మేట్ దగ్గర అప్పుచేసి ఇంకో 400 కట్టా. వాళ్ళు ఆగారా? ఒకసారి ఇచ్చినవాడు మళ్ళీ ఇస్తాడని వాళ్ళకి తెలిసిపోయింది, గంటలో రేటు పెంచారు. కాబట్టి ఇంకోసారి చెప్తున్నా, బెదిరించినవాడికి ఒక్క డాలర్ కూడా ఇవ్వొద్దు, సగం ఇచ్చి బతిమాలొద్దు, "ప్లీజ్ సార్" అని రాయొద్దు. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, బ్లాక్ చెయ్యండి, ఫ్రెండ్స్ లిస్టు ఎవరికీ కనపడకుండా దాచండి, బ్యాంకుకి ఫోన్ చెయ్యండి. మీ ఫోటోలు బయటపెడతామంటే ఈసేఫ్టీ కమిషనర్ అని ప్రభుత్వ ఆఫీసు ఉంది, వాళ్ళ సైట్‌లోనే కంప్లైంట్ ఇవ్వొచ్చు. సింగరాయకొండ వాడు ఇదంతా విని "అన్నా, పోనీ 200 పంపి చూద్దామా" అన్నాడు. ఫోన్ పెట్టేశా. ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ నేనే చేశాననుకోండి.

కండోమ్ లేకుండా అని అడగనే వద్దు. ఒప్పుకున్నాక మధ్యలో చెప్పకుండా తీసెయ్యడం ఇక్కడ 2023 జూలై నుంచి స్పష్టంగా నేరమని చట్టంలో రాశారు. దొంగచాటుగా ఫోటో, వీడియో తీసినా నేరమే. ఏదైనా పొరపాటు జరిగితే గూగుల్ చూస్తూ కూర్చోవద్దు, హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది. కార్ల్‌టన్‌లో మెల్‌బోర్న్ సెక్సువల్ హెల్త్ సెంటర్ ఉంది, డబ్బులు తీసుకోరు, మెడికేర్ కార్డు (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య కార్డు) లేని మన స్టూడెంట్లనీ చూస్తారు. నేను వెళ్ళినప్పుడు ఎవరైనా తెలుగోళ్ళు కనపడతారేమోనని టోపీ ముక్కు దాకా లాక్కుని కూర్చున్నా, నర్సు మాత్రం జలుబుకి వచ్చినవాడిని అడిగినట్టు అడిగింది.

ఇంకొకటి. తలుపు తీసిన అమ్మాయి భయంభయంగా ఉన్నా, డబ్బు వేరేవాడు తీసుకుంటున్నా, ఫోన్‌లో ఇంకెవరో ఆమె తరఫున మాట్లాడుతున్నా, వయసు మీద ఏమాత్రం అనుమానం వచ్చినా బయటికి వచ్చెయ్యండి. అడ్వాన్స్ పోతే పోయింది. ఫెడరల్ పోలీసు నంబరు 131 237, అప్పటికప్పుడు ప్రమాదమైతే 000. నాకెందుకులే అనుకోవద్దు.

సరే, ఇంత భయపెట్టాక ఒక మాట చెప్పాలి కాబట్టి చెప్తున్నా. ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడి కలిసినందుకు ఇక్కడ పోలీసులు మీ తలుపు కొట్టరు. మోసపోయామని కంప్లైంట్ ఇస్తే మనమే నేరస్తులమైపోము. నాకు ఆ బెదిరింపులు ఇంకో నాలుగు రోజులు కొత్త కొత్త నంబర్ల నుంచి వచ్చాయి, ఐదో రోజు ఆగిపోయాయి. ఆ ఆదివారమే మేనమామ ఫోన్ చేశాడు. స్క్రీన్ మీద పేరు చూసి చెమటలు పట్టాయి, మూడోసారికి ఎత్తా. అల్లూరు దగ్గర చెరువులో రొయ్య వంద కౌంట్‌కి, అంటే కిలోకి వంద తూగే సైజుకి వచ్చిందంట, సరిగ్గా ఇప్పుడే రేటు పడిపోయిందంట, పట్టెయ్యాలా ఇంకో పది రోజులు ఆగాలా అని అరగంట నన్నే అడిగాడు.