స్టార్‌డ్యూ వ్యాలీలో పొలం అమరిక

2016లో వెలువడిన వ్యవసాయ వీడియో గేమ్ స్టార్‌డ్యూ వ్యాలీలో పొలాన్ని తీర్చిదిద్దదలచినవారు ముందుగా నీటి ఏర్పాటును నిర్ణయించుకుని, ఆ తరువాతే మడులను గీసుకోవాలి. మొక్కలకు తానే నీరు చల్లే పరికరమైన స్ప్రింక్లర్‌లలో సాధారణ రకం నేలలోని నాలుగు పక్క గడులనే తడుపుతుంది కనుక, దానిపై లోహం వెచ్చించడం నా దృష్టిలో వృథా. క్వాలిటీ స్ప్రింక్లర్ చుట్టూ ఉన్న 8 గడులకు, ఇరిడియం స్ప్రింక్లర్ 24 గడులకు ప్రతి ఉదయం నీరందిస్తాయి కాబట్టి, మొదటి నుంచే ఐదు గడుల పొడవు, ఐదు గడుల వెడల్పు గల మడులు వేసి, నడిమి గడిని ఖాళీగా ఉంచితే, పరికరం మారినప్పుడు అమరికను చెరపనక్కరలేదు. దిష్టిబొమ్మ 8 గడుల దూరం వరకు కాకులను రానివ్వదు. దానిని మడుల మధ్య బాటలో నిలిపితే ఒక్క మొక్క చోటు కూడా పోదు. ద్రాక్ష వంటి పందిరి పంటల గుండా నడవలేము కనుక, వాటిని రెండేసి వరుసలుగా నాటి ఇరువైపులా దారి వదలాలి.

అందం విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తేనెపెట్టెల తోట. ఒక పూలమొక్కను నడుమ నాటి, ఐదు గడుల లోపు పెట్టెలను పేర్చి, పువ్వు కోయకుండా ఉంచితే, చూడముచ్చటగా ఉండడమే కాక తేనె ధర కూడా పెరుగుతుంది. కొట్టాల స్థానం తరువాత నచ్చకపోయినా, ఆటలోని వడ్రంగి రాబిన్ వాటిని రుసుము లేకుండానే వేరే చోటికి జరుపుతుంది.